ఉద్యోగం మానేసి ఊళ్ళు తిరగాలని ఉంది, 4 లక్షలు ఎన్నాళ్ళొస్తాయి?

రెక్కలున్నోడు
వయసు 24. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేరి రెండేళ్ళు దాటింది. జీతం బాగానే ఉంది, మేనేజరూ మంచోడే. తిట్టుకోడానికి కూడా ఎవరూ దొరకడం లేదు, అదే అసలు బాధ. పొద్దున లేస్తే క్యాబ్, ఆఫీసు, సాయంత్రం గచ్చిబౌలి ట్రాఫిక్, రాత్రి మంచమెక్కి ఎవడో హిమాచల్ కొండల్లో, స్పితిలో బైకు నడుపుతున్న వీడియోలు. రెండింటి దాకా నిద్ర పట్టదు. ఇంకో ముప్ఫై ఏళ్ళు ఇదే బతుకు అనుకుంటే ఊపిరాడటం లేదు.

మానేద్దామనుకుంటున్నా. ముందు ఉత్తరాది, తర్వాత ఈశాన్యం, అట్నుంచి అటే నేపాల్, కుదిరితే వియత్నాం, థాయ్‌లాండ్. తిరిగొచ్చే తేదీ పెట్టుకోలేదు. బ్యాంకులో 4 లక్షలున్నాయి. నాన్నది జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు. పండగైనా సరే ఒంటిపూటన్నా షట్టర్ తీస్తాడు. విషయం కదిపితే అమ్మ ఏడ్చింది. నాన్న "ఎదురింటి వాళ్ళబ్బాయి ఫ్లాట్ బుక్ చేశాడంట" అని లేచి కొట్లోకి వెళ్ళిపోయాడు.

అడిగేది రెండే. ఈ డబ్బు ఎన్నాళ్ళొస్తుంది? ఇంట్లో ఎలా ఒప్పించాలి? "ముందు పెళ్ళి చేసుకో" అనేవాళ్ళు దయచేసి పక్కకు తప్పుకోండి.

ఉస్మానియా_బిస్కెట్
ముందు పెళ్ళి చేసుకో.

ఉస్మానియా_బిస్కెట్
సరే, కొట్టొద్దు. 24కే 4 లక్షలు వెనకేశావంటే నువ్వే మాకు సలహాలివ్వాలి. నాకు 31. నా వెనకున్నది క్రెడిట్ కార్డు వాళ్ళు ఒక్కళ్ళే.

లోయర్_బెర్త్
డబ్బు సంగతి నేను చెప్తా. మన దేశంలోనే తిరిగితే, స్లీపర్ క్లాసు, డార్మిటరీలో మంచం, రోడ్డు పక్క భోజనం... రోజుకి వెయ్యి, పన్నెండు వందల్లో లాగొచ్చు. ఒకేచోట వారం పదిరోజులు ఉంటే ఇంకా తగ్గుద్ది. జేబుకి చిల్లు పడేది తిండికీ పడకకీ కాదు, ఊరు మారిన ప్రతిసారీ. వీడియోల్లో వాళ్ళలా రోజుకో ఊరంటే నీ 4 లక్షలు సంక్రాంతి దాకా కూడా రావు.

ఇంకోటి. కాశీలో తెలుగువాళ్ళ సత్రాలున్నాయి, సిక్కుల గురుద్వారాల్లో లంగర్, అంటే ఉచిత భోజనం ఉంటుంది. హిమాచల్‌లో మణికరణ్ గురుద్వారాలో బియ్యం వేడినీటి బుగ్గలో పెట్టి ఉడికిస్తారు. మూటకట్టిన బియ్యం ఆ పొగల్లో అలా దిగుతుంటే చూస్తూ నిలబడిపోయా. కుల గోత్రాలు అడగరు, తిన్నాక పళ్ళేలు తోమే చోట కాసేపు కూర్చుంటే చాలు.

స్పితి అన్నావు కాబట్టి చెప్తున్నా. మనాలి వైపు నుంచి ఒకేసారి ఎక్కకు. సిమ్లా, రెకాంగ్ పియో మీదుగా బస్సుల్లో మెల్లగా వెళ్ళు. స్పితిలో పెద్ద ఊరు కాజా, 3,600 మీటర్ల పైన. ఒంటికి అలవాటు కాకుండా వెళ్తే మొదటి రెండ్రోజులూ తలనొప్పితో మంచం మీదే.

పన్నుల_తాతయ్య
బాబూ, తిరగడానికి ముందు కాగితాలు చూసుకో. నోటీసు పీరియడ్ ఎంత? 90 రోజులుంటే ఈ రోజు కాగితం పెట్టినా బయటపడేసరికి మూడు నెలలు. కంపెనీ ఆరోగ్య బీమా నీ ఆఖరి రోజుతో పోతుంది. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుంటుంది, ముందే అడిగి పెట్టుకో. కొత్తగా తీసుకుంటే మొదటి 30 రోజులు యాక్సిడెంట్లకి తప్ప దేనికీ డబ్బులివ్వరు. పీఎఫ్ జోలికి వెళ్ళకు. 5 ఏళ్ళు నిండకుండా మొత్తం తీస్తే పన్ను పడుతుంది. ఆ 4 లక్షల్లోంచి లక్ష అమ్మ పేర వేసి, అది లేదనుకో.

రెక్కలున్నోడు
@పన్నుల_తాతయ్య నోటీసు 90 రోజులే సార్. బీమా సంగతి అసలు తట్టలేదు.

@లోయర్_బెర్త్ అన్నా, మీరు ఉద్యోగం మానేసే తిరిగారా?

లోయర్_బెర్త్
నాకు మానాల్సిన అవసరమేదీ? గవర్నమెంటు టీచర్ని. వేసవి సెలవులు, దసరా సెలవులు.

ఉస్మానియా_బిస్కెట్
హహ. అందరికంటే ఎక్కువ తిరిగినవాడు అందరికంటే భద్రమైన ఉద్యోగంలో ఉన్నాడు.

నీళ్ళమీద_నిద్ర
మర్చంట్ నేవీలో ఇంజనీర్ని, వైజాగ్. ఇంటర్ చదివేటప్పుడు నాకూ ఇదే పిచ్చి. బీచ్‌లో కూర్చుని ఔటర్ హార్బర్ వైపు ఓడలు చూస్తూ, అవెక్కితే ప్రపంచమంతా చూడొచ్చనుకునేవాణ్ణి. చూశానా అంటే చూశా. సింగపూర్ ఎన్నిసార్లు "వెళ్ళానో". ఆయిల్ నింపుకోడానికి లంగరేస్తాం, రాత్రి దూరంగా లైట్లు కనపడతాయి, తెల్లారేసరికి బయల్దేరతాం. కంటైనర్ ఓడైతే పోర్టులో ఒక్క రోజు ఉంటే గొప్ప. ఆ ఒక్కరోజూ ఇంజన్ రూమ్‌లో రిపేర్లు. కింద 40 డిగ్రీల పైన వేడి, చెవులకి ఇయర్ మఫ్‌లు. సూయజ్ కాలువ దాటుతున్నామని డెక్ మీదవాళ్ళు ఫోన్ చేసి చెప్తే గానీ మాకు తెలీదు.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు పోర్టులు మమ్మల్ని దిగనివ్వలేదు. కాంట్రాక్టులు అయిపోయినా ప్రపంచమంతా లక్షల మంది ఓడల మీదే ఉండిపోయారు, అందులో నేనొకణ్ణి. నీళ్ళు తప్ప ఏమీ కనపడని చోట నేను ఆలోచించింది మా వీధి చివర ఇడ్లీ బండి గురించి.

నిన్ను భయపెట్టడానికి కాదు చెప్పింది. తిరగడమే ఉద్యోగమైతే ఎక్కడికి వెళ్ళాలో, ఎప్పుడు దిగాలో ఇంకొకడు చెప్తాడు. డబ్బు మాత్రం బాగుంటుంది, అది అబద్ధం చెప్పను.

మెల్‌బోర్న్_మామ
ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? సబ్‌క్లాస్ 462. 2024 అక్టోబరు నుంచి ఇండియా వాళ్ళకీ ఇస్తున్నారు, ఏడాదికి 1,000 మందికి. 18 నుంచి 30 ఏళ్ళ లోపు వాళ్ళకి. లాటరీ తీస్తారు, పేరు నమోదుకి 25 డాలర్లు. తగిలితే ఏడాదిపాటు తిరుగుతూ పని చేసుకోవచ్చు. బ్రిటన్‌కి కూడా ఇలాంటిదే ఉంది, ఏడాదికి 3,000 మంది, రెండేళ్ళు, డిగ్రీ ఉండాలి, అదీ లాటరీయే.

అయితే పని అంటే ఏసీ గదిలో కాదు నాయనా. ఇక్కడ పొలాల్లో కాయలు కోసే కుర్రాళ్ళని చూస్తుంటా. యూరప్ నుంచి వచ్చిన పిల్లలు, చేతుల నిండా గీతలు, సాయంత్రానికి నడుం పట్టేసి ఉంటారు. మన వాళ్ళు ఊళ్ళో సొంత పొలంలో దిగరు, ఇక్కడికొచ్చి దిగుతారు.

తిరుగుబోతు_కెమెరా
వీడియోలు చేస్తూ తిరగొచ్చు కదా అని ఎవరో ఒకరు అంటారు, ముందే చెప్తున్నా. యూట్యూబ్‌లో ఓ చిన్న ట్రావెల్ ఛానల్ నాది. యాడ్స్ డబ్బులు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్. అక్కడిదాకా వచ్చాక చూస్తే ఆ వచ్చేది టీ ఖర్చులకి సరిపోద్ది.

రాత్రి రెండింటి దాకా చూస్తున్నానన్నావే ఆ వీడియోలు, అందులో ఒక్కడే కొండెక్కుతూ దూరమైపోయే షాట్ ఉంటుంది కదా. కెమెరా కింద స్టాండ్‌కి పెట్టి, పైకి ఎక్కి, మళ్ళీ దిగొచ్చి కెమెరా తీసుకుని మళ్ళీ ఎక్కుతాం. ప్రతి కొండా రెండుసార్లు. హంపిలో మాతంగ కొండ మీద సూర్యోదయానికి జనమంతా తూర్పు చూస్తున్నారు, నేను మైకులో గాలి సౌండ్ వస్తోందని తలగుడ్డ చుడుతున్నా. డ్రోన్ తీద్దామంటే పర్మిషన్ లేకుండా కుదరదు. సాయంత్రం హాస్టల్లో అందరూ కబుర్లు చెప్పుకుంటుంటే నేను మూల ప్లగ్ పాయింట్ దగ్గర ఎడిటింగ్. నిజంగా సరదాకి తిరగాలనుంటే కెమెరా ఇంట్లో పెట్టి వెళ్ళు.

ఉస్మానియా_బిస్కెట్
ప్రతి కొండా రెండుసార్లు అంటే మోకాళ్ళకి కూడా మానిటైజేషన్ కావాలి.

పాలమూరు_పిల్ల
అందరూ అబ్బాయికి సలహాలు బాగానే ఇస్తున్నారు. ఇదే ప్రశ్న నేను అడిగితే మొదటి జవాబు డబ్బు గురించి ఉండేది కాదు, "ఒక్కదానివేనా?" అని ఉండేది. మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె, నేను హైదరాబాద్‌లో బ్యాంకులో చేస్తా. గోకర్ణ వెళ్తా అంటే ఇంట్లో ఫ్రెండ్స్ పేర్లు, వాళ్ళ నాన్నల ఫోన్ నంబర్లు అడిగారు. రెక్కలున్నోడు గారూ, మీ అమ్మ ఏడ్చింది, నాన్న లేచిపోయారు. అంటే ఆపలేదు. అది చిన్న విషయం కాదు.

డెక్కన్_దొర
ప్రతిదాంట్లోకీ ఆడ మగ తీసుకురావడం అవసరమా? ఇప్పుడు అమ్మాయిలు కూడా బుల్లెట్ బండ్ల మీద లదాఖ్ వెళ్తున్నారు.

పాలమూరు_పిల్ల
@డెక్కన్_దొర వెళ్తున్నారు. వాళ్ళ వీడియో కింద కామెంట్లు చదవండి ఓసారి.

అది వదిలేయండి, మా అమ్మ సంగతి చెప్తా. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యిందాకా ఆమె ఒక్కతే ఊరు దాటింది లేదు. పైసలు లేక కాదు, "ఎందుకు దండగ" అనేది ఇంట్లో. జీరో టికెట్ వచ్చినాక ఆ దండగ మాట పోయింది. ముందు అలంపూర్ జోగులాంబ దగ్గరికి పోయింది, పక్కింటి ఇద్దరితో. తర్వాత వేములవాడ. తర్వాత ఎవరికీ చెప్పకుండా ఒక్కతే నా హాస్టల్ ముందు దిగింది, చేతిలో సద్ది రొట్టెల డబ్బా. కండక్టర్ ఇచ్చిన టికెట్లు ఒక్కటి కూడా పారేయలేదు, పర్సులో మడిచి పెట్టుకుంది. 4 లక్షలు, వియత్నాం అంటుంటే నాకు ఆ పర్సు గుర్తొచ్చింది, అంతే.

లోయర్_బెర్త్
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన ప్రయాణాల్లో ఇదే పెద్దది.

డెక్కన్_దొర
బాగుంది. కానీ ఆ ఫ్రీ బస్సులో మాకు సీటు దొరకట్లేదు, అదీ రాయండి.

పాలమూరు_పిల్ల
నిలబడండి. దశాబ్దాలు మేం నిలబడ్డాం.

కొల్లేటి_లంక
మా నాన్న లారీ డ్రైవరు. కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల నుంచి చేపల లోడు గువాహటి తీసుకెళ్ళేవాడు. శీలావతి, బొచ్చె. ట్రేల్లో ఒక వరస చేప, ఒక వరస నలగ్గొట్టిన ఐసు, మళ్ళీ చేప, మళ్ళీ ఐసు. లోడు కట్టిన క్షణం నుంచి పరుగే. ఐసు నీళ్ళు రోడ్డు పొడుగునా కారుతూ ఉంటాయి. వైజాగ్ బైపాస్, ఇచ్ఛాపురం, భువనేశ్వర్, ఖరగ్‌పూర్, సిలిగురి... ఇద్దరు డ్రైవర్లు, ఒకడు నడిపితే ఒకడు వెనక బెర్తులో. ఆలస్యమైతే అక్కడ మార్కెట్‌లో చేప కన్ను చూసి రేటు తగ్గించేస్తారు.

చిన్నప్పుడు మా క్లాసులో ఇండియా మ్యాప్ నోటితో చెప్పగలిగింది నేనొక్కణ్ణే. అందరూ "మీ నాన్నకేంట్రా, దేశాలు తిరుగుతాడు" అనేవాళ్ళు. ఆయన కామాఖ్య అమ్మవారి కొండ కింద నుంచి లెక్కలేనన్నిసార్లు వెళ్ళాడు. ఒక్కసారీ పైకెక్కలేదు, బండి ఆపే తీరిక లేక. నాకు ఉద్యోగం వచ్చాక ఫ్లైట్‌లో తీసుకెళ్తా, దర్శనం చేసుకుందాం నాన్నా అంటే "మళ్ళీ అంత దూరమా, నా వల్ల కాదురా" అన్నాడు. ఇప్పుడు సాయంత్రం అరుగు మీద కూర్చుంటాడు. ఎవరైనా బస్సెక్కుతుంటే ఏ సీటులో కూర్చుంటే ఎండ తగలదో చెప్తాడు.

నువ్వు మానెయ్, మానకపో, నీ ఇష్టం. మీ నాన్న పండక్కి కూడా షట్టర్ తీస్తాడన్నావు చూడు, ఆయనకి ఎక్కడికి వెళ్ళాలనుండేదో ఎప్పుడన్నా అడిగావా?

ఉస్మానియా_బిస్కెట్
దీనికి జోక్ వేయలేను.

తాళపత్రం
మన వాళ్ళకి ఈ పిచ్చి కొత్తేం కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, హైదరాబాద్, నాగపూర్ మీదుగా వెళ్ళి, కలకత్తా, పూరీ, శ్రీకాకుళం మీదుగా 1831 సెప్టెంబరుకి ఇల్లు చేరాడు. ఏ ఊళ్ళో మంచినీళ్ళు బాగుంటాయి, ఎక్కడ బియ్యం దొరుకుతాయి, ఎక్కడ దొంగల భయం, అన్నీ రాసి పెట్టాడు. ఆయనా ఉద్యోగస్తుడే, చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్.

డెక్కన్_దొర
ఆయనకేం, పల్లకీ ఉంది, మోసే బోయీలున్నారు, వెంట నౌకర్లున్నారు. బ్యాక్‌ప్యాక్ మోసింది ఎవరు?

తాళపత్రం
నిజమే, ఆ మోసినవాళ్ళు యాత్ర రాసుకోలేదు. కానీ ఒక్క మాట గమనించండి. ఆయన మానేసి వెళ్ళలేదు, సెలవు పెట్టి వెళ్ళాడు.

హెచ్ఆర్_అక్క
తాళపత్రం గారి ఆఖరి మాట దగ్గర ఆగు తమ్ముడూ. చాలా కంపెనీల్లో జీతం లేని సెలవు అని ఒకటుంటుంది, ఎవరూ అడగరు, మేమూ దండోరా వేయం. మేనేజర్ మంచోడన్నావుగా, నేరుగా అడుగు. రెండు మూడు నెలలు ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. ఇస్తే ఆ సెలవులో బీమా ఉంటుందా లేదా మెయిల్‌లో రాయించుకో.

మానేసే వెళ్ళినా కొంప మునగదు. ఇంటర్వ్యూల్లో గ్యాప్ చూసి తీసేసేవాళ్ళుంటారు, కాదనను. కానీ "తిరగడానికి వెళ్ళా" అని సూటిగా చెప్పినవాణ్ణి మేం తీసుకున్నాం. "ఫ్రీలాన్సింగ్ చేశా" అని అబద్ధం చెప్పి, వెరిఫికేషన్‌లో దొరికినవాళ్ళని తీసుకోలేదు. ఇప్పుడు మార్కెట్ బాగాలేదు, తిరిగొచ్చాక ఇదే జీతం వెంటనే వస్తుందనుకోకు.

గోదారి_గట్టు
తల్లిగా రాస్తున్నా. మా అబ్బాయి ఇలాగే బయల్దేరాడు. కాదంటే ఆగే రకం కాదు, సరే అన్నాం. లదాఖ్‌లో ఫోన్ పలకలేదు. ఒక రోజు కాదు, రెండ్రోజులు కాదు. మావారు టీవీలో వార్తలు మార్చి మార్చి చూస్తూ అన్నం మానేశారు. తర్వాత తెలిసిందేంటంటే బయట రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు అక్కడ పనిచేయవట, పోస్ట్‌పెయిడ్ ఉండాలట. ఈ ఒక్క ముక్క వాడు ముందు చెప్పుంటే సరిపోయేది.

అందుకని నాయనా, అమ్మని ఒప్పించడానికి స్వేచ్ఛ, కలలు అని మాట్లాడకు. ఏ తారీఖు ఎక్కడుంటావో, ఎక్కడ సిగ్నల్ ఉండదో, ఎవరికి ఫోన్ చేస్తే నీ సంగతి తెలుస్తుందో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళ్ళు. ఏడుస్తుంది. ఏడుస్తూనే పచ్చడి కట్టిస్తుంది.

రెక్కలున్నోడు
తేదీలు రాసి అంటిస్తే ఇక స్వేచ్ఛ ఏముందండీ? ఎక్కడ నచ్చితే అక్కడ ఆగిపోవాలని కదా వెళ్ళేది.

నీళ్ళమీద_నిద్ర
ఆగిపో. ఆగిపోయానని ఫోన్ చెయ్. ఓడ కూడా రోజూ తన పొజిషన్ పంపుతుంది తమ్ముడూ.

రేవా_తీరం
నేను నర్మద పరిక్రమలో, అంటే నది చుట్టూ చేసే ప్రదక్షిణలో, కొంత దూరం నడిచా. ఓంకారేశ్వర్ దగ్గర మొదలు. నది ఎప్పుడూ నీ కుడిచేతి వైపే ఉండాలి, మధ్యలో దాటకూడదు. సముద్రం కలిసే చోట మాత్రం పడవలో అవతలి ఒడ్డుకి వెళ్తారు. మొత్తం 2,600 కిలోమీటర్ల పైమాటే. సంప్రదాయం ప్రకారం చేసేవాళ్ళు 3 ఏళ్ళ 3 నెలల 13 రోజులు తీసుకుంటారు. దారిలో పల్లెటూళ్ళవాళ్ళు పిండి, పప్పు, ఉప్పు చేతిలో పెడతారు, సదావ్రతం అంటారు. వండుకుని తినడమే.

అంతటి కట్టుబాట్లలో నడుస్తుంటే నాకు తేలిగ్గా అనిపించిందంటే నమ్ముతారా? ఎటు వెళ్ళాలో తేల్చుకునే గోల లేదు. హోటల్ రేటింగులు చూసే పని లేదు. ఉన్న బాధల్లా చెప్పు కొరికి కాలికి పడ్డ బొబ్బలే. @రెక్కలున్నోడు, అందుకే కాగితం మీద తేదీలుంటే స్వేచ్ఛ పోతుందన్నది నేను ఒప్పుకోను.

తిరుగుబోతు_కెమెరా
రేవా గారూ, ఫొటోలుంటే పెట్టండి.

రేవా_తీరం
తీయలేదు.

తిరుగుబోతు_కెమెరా
దండం పెట్టుకుంటున్నా.

రెక్కలున్నోడు
నిన్న మేనేజర్ని అడిగా. రెండు నెలలు జీతం లేని సెలవు, క్లయింట్‌కి సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయ్యాక, సెప్టెంబరులో. ఒప్పుకున్నాడు. నాకు సంతోషం వేయాలిగా, కొంచెం నీరసంగా ఉంది. రాజీపడ్డానేమో అని. మానేయడం అనే ఆలోచన మాత్రం పోలేదు, ముందే చెప్తున్నా.

@కొల్లేటి_లంక, నాన్నకి ఫోన్ చేసి అడిగా. ఎక్కడికి వెళ్ళాలనుండేది అని. "కొట్లో జనం ఉన్నారు, తర్వాత చెయ్" అన్నాడు. తర్వాత చేస్తే ఎత్తలేదు. రాత్రి అమ్మ చెప్పింది, మేడ మీద ఒక్కడే చాలాసేపు కూర్చున్నాడట.

డెక్కన్_దొర
రెండు నెలల్లో ఏం చూస్తావ్? వారంలో మళ్ళీ ఇక్కడికొచ్చి ఇదే ఏడుపు. వెళ్తే పూర్తిగా వెళ్ళు, లేదా ఫ్లాట్ బుక్ చెయ్. నడిమధ్య బతుకొద్దు.

హెచ్ఆర్_అక్క
@డెక్కన్_దొర ఆయన ఈఎమ్ఐ మీరు కడతారా?

పన్నుల_తాతయ్య
సెలవులో జీతం రాదు గనక ఏవన్నా ఆటో డెబిట్లు ఉంటే చూసుకో. చెక్ బౌన్స్ అయితే కొండల్లో ఉన్నా వదలరు.

లోయర్_బెర్త్
సెప్టెంబరు మంచిదే. స్పితిలో ఆకులు పసుపెక్కే కాలం. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, మునుపటిలా నాలుగు నెలల ముందు కాదు. తెరిచిన రోజే చేసుకో. వెయిటింగ్ లిస్ట్ పట్టుకుని ప్లాట్‌ఫాం మీద ధైర్యం చూపించకు.

పాలమూరు_పిల్ల
మా అమ్మకు ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించా. డ్రైవర్ గారి సంగతి దగ్గర కళ్ళు తుడుచుకుంది. తర్వాత అడిగింది, "కాశీకి జీరో టికెట్ ఉందా?" అని. లేదని చెప్పా. "అయితే ఎంతవుతది అడుగు ఆ సార్‌ని" అంటోంది. లోయర్ బెర్త్ గారూ, మిమ్మల్నే.

లోయర్_బెర్త్
సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ స్లీపర్ చూడండి, దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగితే కాశీకి ఆటోలే. వెయ్యి లోపే అవ్వాలి. ముసలివాళ్ళ రాయితీ 2020 మార్చిలో తీసేశారు, దాని గురించి ఆశపెట్టుకోవద్దు. అమ్మగారికి 45 దాటితే బుకింగ్‌లో లోయర్ బెర్త్ కోటా ఉంటుంది. మీరు పక్కన ఉంటారా, ఒక్కరేనా? ఇద్దరూ ఒకే టికెట్ మీదైతే, మీకు 45 లోపు గనక ఆ కోటా వర్తించదు.

పాలమూరు_పిల్ల
ఒక్కతే పోతదంట. నన్ను రావద్దంటోంది.